చుక్క బర్రె దుడ్డె

ఇత్తడి చెంబు పట్టుకొని ఆండాలు కొట్టం గడప దగ్గర నిలబడింది. లోపల సత్తెమ్మ పాలు పిండుతోంది. బొటనవేలు లోపలికి మడిచి, దాని కణుపుతో చన్నును నొక్కి లాగుతుంది. ఏళ్ల తరబడి అట్లా పిండి పిండి ఆ కణుపు మీద చింతగింజంత కాయ కాసింది. మధ్యమధ్య నాలుకను అంగిటికి కొట్టి చప్పుడు చేస్తుంది. వెంటవెంట రెండుసార్లు, కాస్త ఆగి ఒకసారి. అలియాబాద్‌లో ఏ కొట్టం చప్పుడు ఆ కొట్టానిదే. సత్తెమ్మ బర్రెలు ఈ చప్పుడు వింటేగాని పాలు చేపవు.

గోడకు ఆనుకొని బాలనర్సింహ గడ్డి దులుపుతున్నాడు. పక్కింటి పెంటయ్య కొడుకు. బర్మా నుంచి ఫౌజు విడిచి వచ్చి మూడు రోజులైంది. ఒంటి మీద ఇంకా ఖాకీ చొక్కానే ఉంది, భుజం మీది గుర్తులు మాత్రం పీకేశాడు. వచ్చిన నాటి నుంచి సొంత కొట్టంలో కన్నా సత్తెమ్మ కొట్టంలోనే ఎక్కువ కనబడుతున్నాడు.

"పెద్దమ్మా, చుక్క బర్రె దుడ్డె ఏది?" అన్నాడు గడ్డి వేస్తూ.

"ఏం దుడ్డె?"

"గప్పుడు ఈనింది గద. జాబుల రాయించినవ్. ఇప్పటికి మస్తు ఎదిగి ఉండాలె. అమ్మినవా ఏంది?"

సత్తెమ్మ చేతులు ఆగాయి. నొసట తెల్ల చుక్క ఉన్న బర్రె పక్కనే నెమరు వేస్తూ నిలబడి ఉంది. జాబు రాయించిన యేడు అది చూడి కట్టనే లేదు. ఈ యేడే మొదటిసారి కట్టింది.

ఆండాలు చెంబును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"అమ్మిన తియ్యి," అంది సత్తెమ్మ. మళ్ళీ పిండడం మొదలుపెట్టింది. నాలుక చప్పుడు మాత్రం చేయలేదు. లేచి వచ్చి, ఆండాలు చెంబులోకి నురగ పొంగేలా పాలు పోసింది. "గుడికి ఇయ్యాల జర ఎక్కువనే పోసిన బిడ్డా. అయ్యగారికి చెప్పు," అంది. ఆమె కళ్ళు పాల మీదనే ఉన్నాయి.

ఆండాలు ఇంటిదాకా వడివడిగా నడిచింది. చెంబులోంచి సగం నురగ చెయ్యి మీదికే కారింది.

*

పెద్దల అమావాస్య పెత్రమాసకు ఇంకా మూడు రోజులుంది. ఆ రోజు గల్లీలోని ఇళ్ళవాళ్ళంతా చేటల్లో బియ్యం, బీరకాయలు, గుమ్మడి ముక్క, చింతపండు, ఉప్పు పెట్టుకొని గుడికి వస్తారు. తమ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చెప్పి అయ్యగారికి ఇస్తారు. ఆండాలు తండ్రే ఆ గుడి అయ్యగారు. ఏ ఇంటికి ఏ పేర్లో ఆయనకు నోటికి వచ్చేది. రెండేళ్ళుగా కళ్ళకు పొర కమ్మింది, దానితోపాటు జ్ఞాపకం కూడా జారుతోంది. అందుకే ఆండాలు ఒక పుస్తకం కుట్టి ఇంటింటి పేర్లు రాస్తోంది. ఆమె చదివితే ఆయన అంటాడు.

మధ్యాహ్నం ఆమె గుడి అరుగు మీద కూర్చొని, పోయినేడు విడి కాగితాల మీద రాసుకున్న పేర్లను కొత్త పుస్తకంలోకి ఎత్తి రాస్తోంది. సత్తెమ్మ ఇంటి పుటలో మూడు పేర్లున్నాయి. మామ, అత్త, భర్త. అంజన్ పేరు లేదు. అంజన్ సత్తెమ్మకు ఒక్కడే కొడుకు. నిజాం ఫౌజుతో మలయాకు పోయి సింగపూర్‌లో జపానోళ్లకు పట్టుబడ్డాడు. పోయిన పెత్రమాసకు గల్లీలో ఎవరో సత్తెమ్మను అడిగారు, కొడుకు పేర కూడా ఇస్తున్నావా అని. చేతిలోని చేట పక్కన పెట్టి ఆమె ఆ మనిషిని తిట్టిన తిట్లు గుడి లోపలిదాకా వినబడ్డాయి.

బాలనర్సింహ వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. చెప్పులు విడిచి మళ్ళీ తొడుక్కున్నాడు.

"ఆండాలమ్మా, ఒక సంగతి అడుగుత. మా ఇంటి పేర్ల కింద ఇంకొక పేరు రాస్తవా? పైకి చదవకు. అయ్యగారి చెవుల చెప్పు, మనసుల అనుకుంటె సాలు."

"ఎవరిది?" అంది ఆమె తల ఎత్తకుండా.

"అంజన్‌ది."

కలం ముల్లు కాగితంలోకి దిగింది. సిరా చుక్క పాకింది.

అతను కింద మెట్టు మీద, వీపు ఆమెవైపు ఉంచి కూర్చున్నాడు. మొహం చూడకుండా చెప్పాలనుకున్నాడేమో.

"ఇరావతి నది దాటినంక ఒక వాగు ఉంటది. తెల్లారే యాళ. మంచు. ఆ ఒడ్డున వాళ్లున్నరని మాకు ఎరుకే. జపానోళ్లతోటి కలిసినోళ్లు, మన హిందుస్తానోళ్లు. కనబడితె కొట్టాలె అన్నరు సాబులు. ఒకడు కనబడ్డడు. ఊరోళ్లు ఇడిసిపోయిన బర్రె ఒకటి దొరికింది వానికి. దాని కింద కూసొని పాలు పిండుతున్నడు. బందూకు పక్కన మట్టల పెట్టుకున్నడు. గురి చూసిన. గప్పుడు సప్పుడు ఇనబడ్డది."

"ఏం చప్పుడు?"

అతను నాలుకతో చేసి చూపించాడు. వెంటవెంట రెండు, ఆగి ఒకటి.

గుడి లోపల నాయన దగ్గాడు.

"ఇన్న. గిది పెద్దమ్మ కొట్టం సప్పుడు గద, ఈడ ఎవడు చేస్తున్నడు అనుకున్న. అనుకుంటనే ఉన్న, గోలీ పోయింది. సాబు వచ్చి వీపు తట్టిండు. వాగు దాటిపోయి బోర్ల పడ్డోన్ని మలిపి చూసిన. గడ్డముంది, గుర్తు పట్టలే. చెయ్యి చూసిన. బొటనేలు కణుపు మీద కాయ." అతను తన చేతిని ఖాకీ చొక్కాకు తుడుచుకున్నాడు. "నాకు ఎరుకలేదు ఆండాలమ్మా. జపానోళ్ల ఖైదుల ఉన్నడు, లడాయి అయిపోతె ఇంటికొస్తడు అనుకున్న. ఆ దిక్కు ఫౌజుల ఉన్నడని ఒక్కళ్లు చెప్పలే. ఎరుకుంటె గా సప్పుడు ఇన్నంక ఒక్కపాలి పిలుస్తుంటి. పేరు పెట్టి."

ఆండాలు నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమెకు చిన్నప్పటి నుంచి అంతే. చెప్పవలసిన మాట గొంతుదాకా వచ్చి అక్కడే నిలిచిపోతుంది.

"పెద్దమ్మకు చెప్పలే," అన్నాడు లేస్తూ. "దినాం అడుగుతది, కనబడిండారా అని. లేదంటున్న. నువ్వు గా పేరు రాయి."

అతను పోయిన తర్వాత ఆమె లోపలికి వెళ్ళి, బియ్యం కుండ వెనక నుంచి తన పుస్తకం తీసింది. ఊళ్ళో బడి పంతులు రోజుకు నాలుగు పంక్తులు ఏదో ఒకటి రాయమనేవాడు. బడి మానేసి ఈ పట్నం వచ్చినా ఆ అలవాటు పోలేదు. పాత పుటలు తిప్పింది. ఏడాదిన్నర దాటింది, చలికాలంలో రాసినది.

*ఇవాళ సత్తెమ్మవ్వ బాలనర్సింహకు జాబు రాయించుకున్నది. అఫ్జల్‌గంజ్‌లో గడియారాల దుకాణం సేటు జపాను రేడియోలో అంజన్ పేరు విన్నాడట. అవ్వ ఈ మాట రాయమన్నది: మా అంజన్ ఆ దిక్కు ఫౌజుల చేరిండంట. కనబడితే పేరు పెట్టి పిలువు కొడకా. పిలిస్తే వస్తడు. నేను రాయలేదు. మాట పారెయ్యబుద్ధి కాక ఇక్కడ రాసుకున్నాను.*

ఫౌజు జాబులన్నీ అంచు కత్తిరించి, చూసి, మళ్ళీ అంటించి పంపుతారు. కొడుకు శత్రువుల ఫౌజులో చేరాడని రాస్తే పోలీసులు సత్తెమ్మ ఇంటికి వస్తారు. ఈ అక్షరాలు ఎవరివని అడిగి గుడికి కూడా వస్తారు. ఇదంతా ఆమెకు ఆ రోజే తోచింది. రాయనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. సత్తెమ్మ ఎదురుగా కూర్చొని కలం వైపే చూస్తోంది. కలం ఆగితే అడుగుతుంది. అందుకని ఆపకుండా, చుక్క బర్రె ఈనింది, దుడ్డె బాగున్నది అని రాసింది. తర్వాత పైకి చదివి వినిపించేటప్పుడు మాత్రం సత్తెమ్మ చెప్పిన మాటే చదివింది.

సత్తెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని, "నా నోట్ల మాట నోట్ల ఉన్నట్టె రాసినవ్ బిడ్డా," అంది ఆ రోజు.

*

మరునాడు సాయంత్రం గుడి ముందు నలుగురు చేరారు. దఫ్తరులో గుమాస్తా విఠల్‌రావు పత్రిక తెచ్చి చదివాడు. జపాను వైపు చేరిన హిందుస్తానీ ఫౌజులో ఉండి విడుదలైనవాళ్ళకు ఏదో ఊళ్ళో దండలు వేసి ఊరేగించారట. నాయన స్తంభానికి ఆనుకొని వింటున్నాడు. పెంటయ్య పక్కన కొడుకు కూర్చున్నాడు. ఆండాలు లోపల పూలు గుచ్చుతోంది.

"గది సరే విఠల్‌రావు పంతులూ," అన్నాడు పెంటయ్య, "గా లడాయిల వాళ్లను కొట్టుడు తప్పా కాదా? మనోళ్లే గద."

"తప్పెట్లయితది?" విఠల్‌రావు పత్రిక మడిచాడు. "ఎదుటి ఫౌజుల చేరి, బట్టలు తొడుక్కొని, బందూకు పట్టినంక వాడు ఏ ఊరోడు, ఎవని కొడుకు అని అడగరు. కొట్టవచ్చు. లడాయి కాయిదా గదే. పట్టుబడితె కోర్టుల నిలబెడుతరు, అది వేరే సంగతి."

"కోర్టుల నిలబెట్టి ఇడిసిపెట్టిరి. దండలు ఏసిరి."

"ఏస్తరు మరి. వాళ్లు పోయింది దేశం కోసమే గద."

"గట్లయితె దండలేసేటోన్ని కొట్టుడేంది?"

"ఏం చేద్దామంటవ్? బతికొచ్చినోనికి దండ, ఆడ దొరికినోనికి గోలీ. రెండు రైటే."

"మీ దఫ్తర్ల కూసుంటె అన్నీ రైటే ఉంటయి," అన్నాడు పెంటయ్య. అందరూ నవ్వారు.

నాయన నవ్వలేదు. "బందూకు పక్కన పెట్టి అన్నం తింటున్నోన్ని కూడా కొట్టవచ్చునా విఠల్‌రావూ?" అన్నాడు. మామూలుగా అడిగిన మాటే అది. లోపల ఆండాలు వేలికి సూది గుచ్చుకుంది.

"అన్నం తిని మళ్ళ పట్టుకుంటడు గద అయ్యగారూ. ఫౌజోడు ఎప్పుడైనా ఫౌజోడే." విఠల్‌రావు బాలనర్సింహ వైపు తిరిగాడు. "ఈ మాట చెప్పాల్సింది నువ్వు భాయ్. ఎదురైండ్రా మనోళ్లు ఎవరన్న?"

బాలనర్సింహ లేచాడు. "బర్లకు కుడితి పెట్టాలె."

"ఫౌజుకు పోయొచ్చినంక బర్ల మీద మస్తు ప్రేమ పుట్టింది వీనికి," అన్నాడు పెంటయ్య. "పోకముందు పేడ ముట్టుమంటె నా మీదికి లేస్తుండె."

ఆండాలు పూలబుట్ట వదిలి వెనక తలుపు గుండా బయటికి వచ్చింది. అతను సందు మలుపు తిరగబోతున్నాడు.

"నర్సింహన్నా!"

అతను ఆగాడు. ఆమె తనను అట్లా పిలవడం అదే మొదటిసారి.

"దుడ్డె లేదు. ఈనలేదు. నేనే రాసిన." ఊపిరి తీసుకుంది. "సత్తెమ్మవ్వ వేరే మాట చెప్పింది. అంజనన్న అటు దిక్కు ఉన్నడు, పేరు పెట్టి పిలువమని రాయమన్నది. పోలీసులు వస్తరని భయపడి రాయలే. దాని జాగల దుడ్డె అని రాసిన."

అతను గోడకు చెయ్యి ఆనించాడు. గోడ మీది పిడకలను ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు.

"గా జాబు జేబుల పెట్టుకొని తిరిగిన. మా పల్టన్ల తెలుగొచ్చినోడు ఒకడుండె. వాన్ని పట్టుకొని నాలుగైదుపాలు సదివించుకున్న. చుక్క బర్రె ఈనిందని నవ్వుకున్న గూడ." వదులైన ఒక పిడకను గోడకు ఒత్తాడు. "రాస్తె మాత్రం ఏమైతుండె? సెన్సారోడు నల్ల సిరా పూస్తుండె. నా దాక రాకపోవు."

"వస్తుండెనేమో."

అతను రెండడుగులు వేసి ఆగి, వెనక్కి చూడకుండా, "ఎవ్వలకు చెప్పకు. చిన్నపిల్లవు," అని వెళ్ళిపోయాడు.

ఆ మాటతో ఒక్క క్షణం గుండె తేలికపడింది ఆండాలుకు. తేలికపడినందుకే తర్వాత ఎక్కువ బాధపడింది.

*

అమావాస్య నాడు పొద్దున్నే జనం మొదలయ్యారు. చేటలు, బుట్టలు, పిల్లల ఏడుపులు. ఆండాలు పుట తిప్పి పేర్లు చదువుతుంటే నాయన అంటున్నాడు. పక్కన బియ్యం కుప్ప పెరుగుతోంది. బీరకాయలు మెట్ల మీదికి దొర్లుతున్నాయి. పెంటయ్య వచ్చి తన వాళ్ళ పేర్లు అనిపించుకొని పోయాడు. ఆ పుటలో ఆండాలు ఏమీ కలపలేదు. తల్లికి తెలియకుండా కొడుకు పేరు వేరే ఇంటి పుటలో రాయడానికి చెయ్యి రాలేదు.

సత్తెమ్మ అందరికన్నా ఆఖరున వచ్చింది. తలస్నానం చేసింది. వెనక బాలనర్సింహ బుట్ట మోసుకొస్తున్నాడు. ఖాకీ చొక్కా లేదు, పెంటయ్య పాత అంగీ తొడుక్కున్నాడు. సత్తెమ్మ బుట్టను తనే దింపించి, నాయన ముందుకు జరిపింది.

ఆండాలు మూడు పేర్లు చదివింది. నాయన అన్నాడు.

"ఇంకొక పేరున్నది అయ్యగారూ. అంజన్."

నాయన చెయ్యి బియ్యం మీదే ఆగిపోయింది. "ఎట్ల తెలిసింది సత్తెమ్మా?"

"గీడు చెప్పిండు. ఇయ్యాల పొద్దుగాల, పాలు పిండేటప్పుడు. గీని గోలీకే పోయిండంట." ఆమె గొంతులో ఏడుపు లేదు. పొద్దున్నే అంతా అయిపోయినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నేను పంపిన జాబు అందిందంట. నా కొడుకు ఆ దిక్కు ఉన్నడు, కనబడితె పిలువుమని రాయించిన గద. సదివించుకున్నడంట. అన్నీ ఎరుకుండి గూడ పిలువలేదంట. కాయిదా ప్రకారం కొట్టిన అంటున్నడు."

ఈ మాటలన్నీ నాయనకు చెబుతోంది, చూపు మాత్రం ఆండాలు మీద ఉంది.

బాలనర్సింహ తల వంచుకొని నిలబడ్డాడు. ఆండాలు అతని వైపు చూస్తే, వద్దని చిన్నగా తల ఊపాడు.

ఆమె చేతిలో కలం ఉంది. ఎదురుగా సత్తెమ్మ ఉంది. ఆ రోజూ ఇట్లాగే ఉంది. పేరు రాసేస్తే అయిపోతుంది. నాయన అంటాడు. సత్తెమ్మ పోతుంది. ఈ మనిషి రేపటి నుంచి ఆ కొట్టంలోకి అడుగు పెట్టడు.

ఆండాలు కలం కింద పెట్టి లేచింది. లోపలికి వెళ్ళి, బియ్యం కుండ వెనక నుంచి పుస్తకం తెచ్చింది. పుట దొరకడానికి చాలాసేపు పట్టింది. నిలబడే చదివింది.

"మా అంజన్ ఆ దిక్కు ఫౌజుల చేరిండంట. కనబడితే పేరు పెట్టి పిలువు కొడకా. పిలిస్తే వస్తడు. నేను రాయలేదు."

చివరి రెండు మాటలు నాయనకు వినబడలేదేమో, ముందుకు వంగాడు.

"జాబుల ఈ మాట పోలేదు సత్తెమ్మవ్వా. నేను రాయలే. రాసినట్టు చదివిన. నర్సింహన్నకు తెల్వదు. అతను నాకోసం అబద్ధం చెప్తున్నడు."

గుడిలో దీపం వత్తి చిటపటలాడింది. సత్తెమ్మ కింద కూర్చుంది.

"ఇంకొకపాలి సదువు."

ఆండాలు మళ్ళీ చదివింది. సత్తెమ్మ పెదవులు ఆమె వెంటే కదిలాయి. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

"దుడ్డె ఏదని వీడు అడిగిన నాడే అనుకున్న," అంది సత్తెమ్మ. "నేను చెప్పని మాట జాబుల ఎట్లున్నది? గీ పిల్ల ఒకటి పెట్టిందంటె ఒకటి తీసే ఉంటది. ఏది తీసిందో ఎరుకలేదు. మూడు దినాల నుంచి పాలు పోస్తున్న, చెప్తదేమో చెప్తదేమో అని." బాలనర్సింహ వైపు తిరిగింది. "పొద్దుగాల నువ్వు సదివించుకొని గూడ పిలువలేదన్నప్పుడు ఎరుకయింది ఏది తీసిందో. సదివినోడివైతె పిలువకుంట ఉండవు. దాని బరువు నువ్వెందుకు మోస్తవ్ రా? నీకున్నది సాలదా? సప్పుడు ఇన్నవ్ గద?"

"ఇన్న పెద్దమ్మా."

"ఇని కొట్టినవ్ గద?"

అతను అరచేతులతో మొహం కప్పుకున్నాడు.

"బిడ్డా," అన్నాడు నాయన మెల్లగా, "రాయను అని ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

ఆండాలు చేతిలోని పుస్తకం మూసింది. పోలీసుల భయం అన్నది నిజమే. కానీ ఆ ఒక్క మాట నోటితో అని ఉంటే సత్తెమ్మ జాబు వేరేవాళ్ళతో రాయించుకునేది. పోలీసుల కన్నా ఎదుటి మనిషి మొహం చూసి కాదనడానికే ఎక్కువ భయపడింది. ఆ మాట ఇప్పుడు కూడా పైకి రాలేదు.

సత్తెమ్మ కొంగు బిగించుకుంది. "పేరు రాయి," అంది.

ఆండాలు కూర్చుంది. సిరాలో కలం ముంచింది. మూడు పేర్ల కింద నాలుగో పేరు రాసింది. మెల్లగా, బడిలో మొదటిసారి పలక మీద దిద్దినట్టు. తడి ఆరలేదు.

"రాసినవా?"

"రాసిన."

"సదువు."

"అంజన్."

సత్తెమ్మ ఆమె చేతుల్లోంచి పుస్తకం తీసుకుంది. అక్షరాల మీద వేలు పెట్టబోయి, తడి చూసి, పక్కన పెట్టింది. బొటనవేలి కాయ కాగితం మీద ఆనింది. కాసేపు అట్లాగే చూసింది. తర్వాత పుస్తకాన్ని నాయన ముందుకు జరిపింది.

"అయ్యగారూ, మీరు సూసి చెప్పుండ్రి. ఉన్నదా?"

నాయన కూతురి వైపు చూడలేదు. పుస్తకం ఎత్తి, గుమ్మం వెలుతురుకు తిరిగి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టుకున్నాడు. పొర కమ్మిన కళ్ళకు అక్షరం చిక్కడానికి సమయం పట్టింది. ఆండాలు తలవంచుకొని కూర్చుంది. తడి సిరా నాయన ముక్కు కొసకు అంటింది.

"ఉన్నది సత్తెమ్మా," అన్నాడు.

అప్పుడు సత్తెమ్మ చేతులు జోడించింది. నాయన ఆ పేరు పైకి అన్నాడు.

ఆమె లేచి ఖాళీ బుట్టను బాలనర్సింహ చేతిలో పెట్టింది. "నడువు, చుక్క బర్రె ఒర్లుతున్నది," అంది. అతను ముందు నడిచాడు. మెట్లు దిగుతూ ఆమె ఆండాలుతో, ఎటో చూస్తూ అంది:

"రేపు చెంబు తేకు బిడ్డా. పాలు నేనే తెచ్చి అయ్యగారి చేతికిస్త."